కొడవలి పట్టిన చేతికి కెమెరా

సినిమా తీయాలంటే చదువుండాలి, డబ్బుండాలి, ఏ పెద్ద దర్శకుడి దగ్గరో ఏళ్ల తరబడి పని నేర్చుకోవాలి అనుకుంటాం కదూ! మన పెద్దేముల్, తాండూరులకు ఉత్తరాన, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ ప్రాంతపు మహిళలు మాత్రం అలా అనుకోలేదు.

అక్కడ 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. తనకొచ్చిన విద్యను ఆయన దాచుకోలేదు. అక్షరం ముక్క రాని, చేలో పనిచేసే దళిత మహిళలకు కెమెరా పట్టడం నేర్పించారు.

పాఠం కూడా వాళ్ల బతుకులోంచే వచ్చింది. పైనుంచి కిందికి చూపిస్తే ‘పటేల్ షాట్’. ఊరి పెద్ద కూలివాళ్లను చూసేది అలాగే మరి! కంటికి కన్ను సమానంగా పెడితే ‘సంఘం షాట్’. సంఘంలో ఎక్కువ తక్కువలు ఉండవు కదా!

2002లో బి.టి. పత్తి వచ్చింది. ఈ మహిళలు వరంగల్ రైతుల వెంట పంటకాలమంతా తిరిగి, వాళ్ల గోడును 2003లో చిత్రంగా తీశారు. ఆ తర్వాత పత్తి రైతుల కోసమే ఆఫ్రికా దాకా వెళ్లొచ్చారు.

2023 మార్చిలో సతీష్ కన్నుమూశారు. ఆయన లేకపోయినా నేర్పిన పని మిగిలింది.

ఇవాళ మన ఫోన్లోనూ కెమెరా ఉంది. పెళ్లిళ్లు, పేరంటాలేనా? కంది విత్తనం దాచే మీ అత్తమ్మ పనితనాన్నీ ఒకసారి తీయండి. అన్నట్టు, నిలబడి కాదు, ఆమె పక్కన కూర్చుని తీయండి!