లైనక్స్‌లో ఒక్క సౌండ్ కార్డ్‌ని అన్ని యాప్స్ ఎలా పంచుకుంటాయి? "డివైస్ బిజీ" అంటే ఏం చేయాలి?

కార్లో వెళ్తూ ఫోన్‌లో పాట వింటుంటారు. మధ్యలో మ్యాప్స్ దారి చెబుతుంది. పాట ఆగదు, కాస్త తగ్గి, ఆ మాట అయిపోగానే మళ్లీ పెరుగుతుంది. మనకిది మామూలే. కానీ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఒక్కోసారి ఇలా జరగదు. బ్రౌజర్‌లో వీడియో నడుస్తుండగా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే "డివైస్ బిజీ" అని ఎర్రర్ వస్తుంది. లేదంటే రికార్డింగ్ బాగానే మొదలై, బ్రౌజర్ మూగబోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఐదు నిమిషాల ముందు ఇలా అయితే చెమటలు పట్టేస్తాయి. డ్రైవర్ పోయిందనుకుని ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉన్నారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే చాలు.

కార్డ్ ఒక్కటే, అడిగేవాళ్లు ఎందరో

మన ల్యాప్‌టాప్‌లలో ఉండే మామూలు సౌండ్ చిప్ ఒక అవుట్‌పుట్‌కి ఒక్క ఆడియో స్ట్రీమ్ మాత్రమే తీసుకుంటుంది. సౌండ్ బ్లాస్టర్ లైవ్ లాంటి పాత కార్డులు చాలా స్ట్రీమ్స్‌ని చిప్‌లోనే కలిపేవి. ఇప్పటి చవక చిప్‌లు ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కి వదిలేశాయి.

కలపడం అంటే నిజానికి కూడికే. 16 బిట్ ఆడియోలో ప్రతి శాంపిల్ -32768 నుంచి 32767 మధ్య ఉండే ఒక అంకె. రెండు యాప్స్ ఒకే క్షణంలో 20000, 20000 పంపితే మొత్తం 40000. అది హద్దు దాటింది కాబట్టి సౌండ్ పగులుతుంది. పైగా ఒక పాట సెకనుకు 44,100 శాంపిల్స్‌తో, ఒక వీడియో 48,000తో ఉంటే, ముందు రెండిటినీ ఒకే రేటుకి మార్చాలి. ఇదంతా చేయడానికి మధ్యలో ఒక పెద్దమనిషి కావాలి. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది ఆడియోఫ్లింగర్. మరి డెస్క్‌టాప్ లైనక్స్‌లో?

పెద్దమనుషులు మారుతూ వచ్చారు

మొదట్లో ఉన్న ఓఎస్ఎస్ రోజుల్లో చాలా కార్డుల విషయంలో ముందు తెరిచిన ప్రోగ్రామ్‌దే కార్డ్. మిగతావి క్యూలో ఉండాల్సిందే. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నల్‌తో అల్సా ప్రధాన సౌండ్ సిస్టమ్ అయింది. అందులో డీమిక్స్ అనే ప్లగిన్ సాఫ్ట్‌వేర్‌లోనే స్ట్రీమ్స్‌ని కలిపేది. తర్వాత లెన్నార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పల్స్ ఆడియో 2007లో ఫెడోరా 8లో, 2008లో ఉబుంటు 8.04లో డీఫాల్ట్‌గా వచ్చింది. ఒక్కో యాప్‌కి వేరే వాల్యూమ్, పాట మధ్యలోనే స్పీకర్ నుంచి హెడ్‌సెట్‌కి మారడం లాంటి సౌకర్యాలు దీనివల్లే అందరికీ అలవాటయ్యాయి. అయితే సంగీతం రికార్డ్ చేసేవాళ్లకి ఆలస్యం అస్సలు పనికిరాదు. వాళ్లు జాక్ అనే వేరే సర్వర్ వాడేవాళ్లు. ఈ రెండింటికీ ఒకేసారి కార్డ్ ఇవ్వడం పెద్ద తలనొప్పి.

ఆ తగువు తీర్చింది విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్. పల్స్ కోసం, జాక్ కోసం రాసిన యాప్స్ రెండూ దీంతోనే మాట్లాడతాయి. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 దీన్ని డీఫాల్ట్ చేశాయి.

మరి ఇప్పటికీ ఎందుకు మొరాయిస్తుంది?

ఏదో ఒక ప్రోగ్రామ్ పైప్‌వైర్‌ని దాటుకుని నేరుగా కార్డ్‌ని పట్టుకుంటుంది, అందుకే! రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ డివైస్ లిస్టులో "హెచ్‌డబ్ల్యూ" అని మొదలయ్యే పేరు ఎంచుకుంటే జరిగేది ఇదే. కార్డ్ మొత్తం దానిదే, ఇంకెవరికీ చోటు లేదు.

ఒకరోజు పనిచేసి, మరుసటి రోజు పనిచేయకపోవడానికీ కారణం ఉంది. ఏ సౌండూ లేకుండా సుమారు 5 సెకన్లు గడిస్తే సర్వర్ కార్డ్‌ని వదిలేస్తుంది. సరిగ్గా ఆ ఖాళీలో వచ్చిన ప్రోగ్రామ్‌కి కార్డ్ దొరుకుతుంది, బ్రౌజర్ మూగబోతుంది. సర్వర్ చేతిలో కార్డ్ ఉన్నప్పుడు వస్తే "బిజీ" ఎర్రర్ దానికే వస్తుంది.

ఇలా చెక్ చేయండి

1. "పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్" యాప్ ఇన్‌స్టాల్ చేసి ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. పేరు పైప్‌వైర్ కాకపోయినా దాంతోనూ బాగా పనిచేస్తుంది. ఒక ప్రోగ్రామ్ సౌండ్ వినిపిస్తూ ఈ లిస్టులో కనిపించలేదంటే, దొంగదారిలో వెళ్తున్నది అదే.

2. ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో డివైస్‌ని "హెచ్‌డబ్ల్యూ" నుంచి "డీఫాల్ట్", "పల్స్" లేదా "పైప్‌వైర్"కి మార్చండి. ఆడాసిటీలో మెయిన్‌గా చూడాల్సింది ఇదే. ఆర్డర్ వాడేవాళ్లు అల్సా బదులు జాక్ బ్యాకెండ్ ఎంచుకోవచ్చు. అందుకు పైప్‌వైర్ వాళ్ల జాక్ ప్యాకేజీ ఉండాలి.

3. అయినా సౌండ్ రాకపోతే అదే యాప్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్ తెరిచి, మీ కార్డ్ ప్రొఫైల్ "ఆఫ్"లో ఉందేమో చూడండి. చివరగా లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. పైప్‌వైర్ మీ యూజర్ సెషన్‌లోనే నడుస్తుంది కాబట్టి సాధారణంగా రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

ఆలస్యం సంగతేంటి?

"నేరుగా కార్డ్ పట్టుకుంటే లేటెన్సీ తగ్గుతుంది కదా" అని అడగొచ్చు. పైప్‌వైర్ మామూలుగా ఒక విడతకి 1024 శాంపిల్స్ తీసుకుంటుంది. 48,000 రేటు దగ్గర అది సుమారు 21 మిల్లీసెకన్లు. వీడియోలకి ఇది చాలు. యాప్ అడిగితే 128 శాంపిల్స్‌కి కూడా దిగుతుంది, అంటే 3 మిల్లీసెకన్ల లోపే. గిటార్ ప్లగ్ చేసి వాయించేవాళ్లకి కూడా ఇది సరిపోతుంది. బఫర్ మరీ తగ్గిస్తే మాత్రం బలహీనమైన ప్రాసెసర్ మీద టిక్‌టిక్ శబ్దాలు వస్తాయి. అప్పుడు 256కి పెంచుకోండి.

ఇంటర్వ్యూ ఉన్న రోజు కాదు, ఈరోజే బ్రౌజర్‌లో ఒక వీడియో, పక్కన మీ రికార్డర్ కలిపి నడిపి చూసుకోండి. రెండూ ఒకేసారి వినిపిస్తే మీ సెటప్ రెడీ.