పేరు పుంజుది, పని పెట్టది

సంక్రాంతి దగ్గరపడితే గోదావరి జిల్లాల్లో పందెం పుంజులకు రాజభోగం. బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, మటన్ ఖైమా, పొద్దున్నే చెరువులో ఈత. రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని పేర్లు. ఏ రంగుకు ఏ రోజు కలిసొస్తుందో చెప్పడానికి ఏకంగా కుక్కుట శాస్త్రమే ఉంది. పందేలు చట్టవిరుద్ధమన్నా బరులు వెలుస్తూనే ఉంటాయి, ఆ గొడవ ఇక్కడ వద్దు. సరదాకి పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు కూడా ఇంటికొచ్చినవాళ్లకి ముందు చూపించేది పుంజునే. పక్కనే పెంట దిబ్బ మీద నేల గీరుకుంటూ మట్టి రంగులో కలిసిపోయే పెట్ట వంక ఎవరూ చూడరు. నన్నడిగితే వింతలన్నీ దాని దగ్గరే ఉన్నాయి.

పుట్టబోయేది పుంజా, పెట్టా అన్నది తేల్చేదే తల్లి. మనుషుల్లో ఆ సంగతి తండ్రి వైపు నుంచి తేలుతుంది. పక్షుల్లో తిరగబడింది. పుంజుకున్న రెండూ జెడ్ క్రోమోజోములే. పెట్టకు ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యూ. గుడ్డులోకి జెడ్ చేరితే పిల్ల పుంజు, డబ్ల్యూ చేరితే పెట్ట. ‘ఈ పుంజును కట్టిస్తే అన్నీ పుంజులే’ అని చెప్పి అమ్మేవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

తండ్రి ఎవరన్నదీ అంత తేలిగ్గా తేలదు. పెట్ట అండవాహికలో కంటికి ఆననంత సన్నని గొట్టాలున్నాయి. ఒకసారి పుంజుతో కలిస్తే వీర్యకణాలు వాటిలో రెండు మూడు వారాలు బతికే ఉంటాయి. జాతి పుంజును తెచ్చి వదిలిన వారానికి పెట్టిన గుడ్డుకు కూడా తండ్రి గోడ దూకొచ్చిన పక్కింటి బక్కపుంజే కావచ్చు. అందుకే జాతి నిలుపుకోవాలనుకునేవాళ్లు పెట్టను మూడు వారాలు విడిగా ఉంచాకే కొత్త పుంజుతో కలుపుతారు. ఇంకో చిత్రం: గుంపులో చిన్నస్థాయి పుంజు బలవంతాన మీదపడితే, పెట్ట ఆ వీర్యాన్ని బయటికి నెట్టేయగలదని టొమ్మాసో పిజ్జారి, టిమ్ బర్క్‌హెడ్ అనే పరిశోధకులు 2000లో చూపించారు.

ఇక గుడ్డు. ఒక్కటి తయారవడానికి రోజు దాటి ఇంకొంచెం పడుతుంది, అందులో దాదాపు 20 గంటలు పెంకుకే. అందుకే గుడ్డు పెట్టే వేళ రోజురోజుకీ వెనక్కి జరిగి, మధ్యాహ్నం దాటేసరికి ఒకరోజు ఖాళీ పడి, మళ్లీ ఉదయానికి వస్తుంది. పెంకుకు కావలసిన సుమారు 2 గ్రాముల కాల్షియంలో కొంత రాత్రిపూట పెట్ట తన ఎముకల్లోంచే కరిగించుకుంటుంది. పాత ఇళ్లలో గోడ సున్నం పెచ్చుల్ని కోళ్లు పొడుచుకు తినేది ఆ లోటు తీర్చుకోవడానికే.

నాకు అన్నిటికంటే అబ్బురం ఇది. నాటు పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టడానికి రెండు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అయినా పిల్లలన్నీ ఇంచుమించు ఒక్కరోజే బయటికొస్తాయి. మొదటి గుడ్డులోని ప్రాణం ఎదగడం ఆపేసి, చివరి గుడ్డు కోసం కాచుకుంటుంది. తల్లి కూర్చుని వెచ్చబెట్టేదాకా దానికి కాలం కదలదు. కాకపోతే ఈ ఏర్పాటు చల్లదనాన్ని నమ్ముకున్నది. మన మే నెల ఎండలకు గుడ్డు ఎవరూ పొదగకుండానే అరకొరగా మేలుకుని లోపలే చచ్చిపోతుంది. వేసవిలో పొదగేసిన గంపలో మురుగుడ్లు ఎక్కువుండటానికి అదొక కారణం.

పొదుగుకొచ్చిన పెట్ట వేరే జీవి. గంపలో ఊక మీద ఈకలు రిక్కించుకుని కూర్చుంటుంది, చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. రొమ్ము మీద ఈకలు రాల్చుకుని ఒట్టి చర్మాన్ని గుడ్లకు ఆనిస్తుంది. రోజుకోసారి లేచి నాలుగు నూకలు తిని, నీళ్లు తాగి, గుడ్లు చల్లారేలోపు వచ్చేస్తుంది. లోపలి పిండం పెంకుకు అతుక్కోకుండా ముక్కుతో గుడ్లను తిప్పుతూ ఉంటుంది. ఫారం కోళ్లు గుడ్లు పెట్టడం మానకూడదని మనిషి తరాల తరబడి ఏరి ఏరి ఈ గుణాన్నే పోగొట్టాడు. అందుకే వనరాజా, గ్రామప్రియ రకం కోళ్ల గుడ్లు తెచ్చుకున్నవాళ్లూ ఇంక్యుబేటర్ లేకపోతే నాటు పెట్టనే బతిమాలుకోవాలి.

ఇరవయ్యో రోజుకు గుడ్డు మాట్లాడుతుంది. పిల్ల వెడల్పు కొనలోని గాలి అరను చీల్చి తొలి ఊపిరి పీల్చి, పెంకులోంచే కీచుమంటుంది. తల్లి నెమ్మదిగా బదులిస్తుంది. ముక్కు కొనమీది తెల్లటి మొనతో పిల్ల చుట్టూ గంటు పెట్టుకుంటూ తిరిగి, ఇరవై ఒకటో రోజున మూత తోసుకుని తడితడిగా బయటపడుతుంది. మిగిలిన పచ్చసొన అంతకుముందే పొట్టలోకి చేరి ఉంటుంది కనుక రెండు రోజులదాకా తిండి అక్కర్లేదు. ముందు పుట్టినవి ఆకలికి ఏడవవు, వెనకబడినవాటి కోసం తల్లి కదలకుండా కూర్చోగలుగుతుంది. హేచరీవాళ్లు పిల్లల్ని అట్టపెట్టెల్లో ఊళ్లు దాటించగలిగేది కూడా ఈ సొన చలవే.

అరుదుగా పెట్ట కూస్తుంది కూడా. దానికి పనిచేసేది ఎడమ అండాశయం ఒక్కటే. జబ్బుచేసి అది చెడిపోతే, ఎదగకుండా మిగిలిపోయిన కుడివైపు కణజాలం పెరిగి మగ హార్మోన్లు వదలవచ్చు. తలమీది జుట్టు ఎర్రగా ఎదుగుతుంది, ఈకలు రాలి పుంజు ఈకలు వస్తాయి, ఓ వేకువన గొంతూ లేస్తుంది. పుంజు కూస్తే ఊరికి తెల్లవారేది, పెట్ట కూస్తే మాత్రం అరిష్టమని దాని బతుకే తెల్లారిపోయేది, మధ్యాహ్నానికి కూరయ్యేది. కత్తి తప్పించుకున్నా అది మళ్లీ గుడ్లు పెట్టడం అరుదు.