ఫలజ్ గట్టున గ్రహాంతర కథలు

*సైన్స్ ఫిక్షన్ నవలల్లో రాకెట్ల వెనక, రోబోల వెనక దాగున్న ప్రశ్నలేమిటి? వాటిలో ఒకదానికి జవాబు మన నిజ్వాలోనే పారుతోందంటే నమ్ముతారా?*

"కథల పుస్తకాలు తర్వాత, ముందు లెక్కలు చెయ్యి!" ఈ మాట వినపడని ఇల్లు మనలో ఎవరిదైనా ఉందా? అందులోనూ ఆ పుస్తకం అట్టమీద ఓ రాకెట్టో, మూడు కళ్ళ వింతజీవో ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. సైన్స్ ఫిక్షన్ అంటే ఉత్త కాలక్షేపం అని పెద్దల అభిప్రాయం. అందులో ఉన్నవన్నీ యంత్రాలూ యుద్ధాలే, అందుకే బాగుంటుందని పిల్లల అభిప్రాయం.

ఇద్దరూ సగమే చూస్తున్నారు. మంచి సైన్స్ ఫిక్షన్ నవలకి యంత్రం ఒక సాకు. దాని అసలు సరుకు ఒక ప్రశ్న: "ఇలా జరిగితే మనుషులు ఏం చేస్తారు?" ఆ ప్రశ్న పట్టుకుని చదివితే, ఈ నవలలు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసినవని అర్థమవుతుంది. ప్రపంచమంతా ఇష్టపడే కొన్నిటిని అలా చూద్దాం.

పద్దెనిమిదేళ్ళ అమ్మాయి మొదలుపెట్టింది

1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కప్పేయడంతో మరుసటి ఏడు యూరప్‌కి వేసవే రాలేదు. ఆ వానల్లో, జెనీవా సరస్సు దగ్గర ఒక ఇంట్లో చిక్కుకుపోయిన స్నేహితులు తలా ఒక దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. వాళ్ళలో ఒకరైన మేరీ షెల్లీకి అప్పుడు 18 ఏళ్ళు. ఆమె మొదలుపెట్టిన కథే 1818లో 'ఫ్రాంకెన్‌స్టయిన్' నవలగా వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌కి ఇదే తొలి నవల అని చాలామంది విమర్శకుల మాట.

పిల్లలూ, ఫ్రాంకెన్‌స్టయిన్ అనేది ఆ వికృతాకారుడి పేరు కాదు, వాణ్ణి తయారుచేసిన యువకుడి పేరు! ప్రాణం పోశాక, చూసి భయపడి వదిలేసి పారిపోతాడతను. తయారుచేసినవాడికి దాని మంచిచెడ్డల బాధ్యత ఉండదా? ఈ ప్రశ్నకి రెండు వందల ఏళ్ళు దాటినా, కృత్రిమ మేధ గురించి వాదించుకునే ప్రతిచోటా అదే వినిపిస్తోంది.

కెప్టెన్ నీమో మనవాడే!

జూల్స్ వెర్న్ 1870లో రాసిన 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ'లో సముద్రగర్భంలో నాటిలస్ అనే జలాంతర్గామిని నడిపే కెప్టెన్ నీమో ఎవరో ఆ నవలలో తెలియదు. 1875లో వచ్చిన 'ద మిస్టీరియస్ ఐలాండ్'లో గుట్టు విప్పాడు రచయిత. అతను బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, పేరు డక్కర్! 1857 తిరుగుబాటులో పోరాడి, అంతా పోగొట్టుకుని, ఏ రాజ్యమూ ఏలని సముద్రంలో తలదాచుకున్నవాడు. విజ్ఞానం చేతిలో ఉన్న మనిషి గుండెలో పగ కూడా ఉంటే ఏమవుతుంది అన్నది ఇక్కడి ప్రశ్న. నీమో మంచివాడా, చెడ్డవాడా అని పిల్లల్ని అడిగి చూడండి. భోజనాలు చల్లారిపోయినా వాదన తెగదు.

రోబో ఎందుకు గుండ్రంగా తిరిగింది?

రోబోలు మనిషికి హాని చెయ్యకూడదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. ఆ నియమానికి అడ్డురానంతవరకు మనిషి చెప్పినట్టు వినాలి. ఈ రెండిటికీ భంగం కలగకుండా తనను తాను కాపాడుకోవాలి. ఐజాక్ అసిమోవ్ ఊహించిన ఈ మూడు సూత్రాలూ పూర్తిగా కనిపించేది 1942లో వచ్చిన 'రనరౌండ్' అనే కథలో. అది 1950 నాటి 'ఐ, రోబో' సంపుటిలో ఉంది.

బుధగ్రహం మీద ఒక ఖనిజం తెమ్మని రోబోని పంపుతారు. అక్కడ దానికి ప్రమాదం పొంచి ఉంది. మనిషి ఆజ్ఞ ముందుకు తోస్తుంటే, ఆత్మరక్షణ సూత్రం వెనక్కి లాగుతుంది. రెండూ సరిసమానమైనచోట రోబో గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది! నియమాలు రాసినంతమాత్రాన సరిపోదు, రెండు మంచి నియమాలు ఒకదానికొకటి ఎదురైనప్పుడు ఏది ముందో తేల్చుకోవాలి అని అసిమోవ్ నవ్విస్తూ చెప్పాడు. "అబద్ధం ఆడకూడదు", "పెద్దవాళ్ళ మనసు నొప్పించకూడదు" అని ఒకేసారి చెప్పే అమ్మానాన్నలకి ఈ చిక్కు కొత్తేమీ కాదు.

కాలయంత్రం, రేవతీదేవి, మన సెలవులు

కాలంలో ప్రయాణం అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' (1991). శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, 2504వ సంవత్సరానికీ మనల్ని తీసుకెళ్ళిన సినిమా అది. అలాంటి యంత్రాన్ని నవలల్లోకి తెచ్చి పేరు తెచ్చుకున్నది హెచ్.జి. వెల్స్ 'ద టైమ్ మెషీన్' (1895). అందులో ప్రయాణికుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్ళి చూస్తే మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. పైన ఎండలో ఆడుకుంటూ బతికేవాళ్ళు, కింద చీకట్లో యంత్రాలు నడిపేవాళ్ళు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తరతరాలు గడిపితే చివరికి ఇలా అవుతుందేమో అన్నది వెల్స్ భయం.

మన భాగవతంలోనూ ఒక కథ ఉంది. కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి చెప్పమని అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ సంగీతం జరుగుతోంది. పాట అయ్యేదాకా ఓ క్షణం ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి! అతను అనుకున్న వరులూ లేరు, వాళ్ళ మునిమనవలూ లేరు. చివరికి బలరాముడితో పెళ్ళి జరుగుతుంది. పాతకాలపు మనిషి కనక రేవతి బాగా పొడగరి అనీ, బలరాముడు నాగలితో తన ఎత్తుకి తెచ్చుకున్నాడనీ పురాణం సరదాగా చెబుతుంది.

ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సాపేక్షతా సిద్ధాంతం మనవాళ్ళకి ముందే తెలుసని చెప్పడానికి కాదు ఈ కథ ఎత్తుకున్నది. సిద్ధాంతానికి లెక్కలూ ప్రయోగాలూ ఉంటాయి, కథకి ఊహ ఉంటుంది. కానీ ఆ ఊహలోని బాధ మనకి బాగా తెలుసు. రెండేళ్ళకోసారి సెలవుకి ఊరెళ్ళి, వీధి చివర వేపచెట్టు ఏదని వెతుక్కుని, పలకరించే పెద్దాయన అరుగు ఖాళీగా ఉండడం చూసిన మనం అందరం కకుద్మి చుట్టాలమే!

డిష్ ఎప్పుడూ ఒకేవైపు ఎందుకు చూస్తుంది?

మన మేడలమీద డిష్‌లు గమనించారా పిల్లలూ? అవి కదలవు. భూమధ్యరేఖకి పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమంగా ఒక రోజులో చుట్టు పూర్తిచేస్తుంది. అందుకని మనకి ఎప్పుడూ ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది. అలాంటి ఉపగ్రహాలతో ప్రపంచమంతా సమాచారం పంపవచ్చని 1945లో ఒక పత్రికలో రాసినవాడు ఆర్థర్ సి. క్లార్క్. 1964లో అది నిజమైంది. ఎడారి దేశాల్లో తెలుగు ఛానళ్ళు చూసిన ప్రతి కుటుంబమూ ఆయనకి కాస్త రుణపడి ఉన్నట్టే. శ్రీలంకలో స్థిరపడిన క్లార్క్, ఆ ద్వీపాన్ని పోలిన చోటునుంచి ఆకాశానికి లిఫ్ట్ కట్టే కథను 'ద ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్' (1979) నవలగా రాశాడు.

నీటిచుక్క విలువ: 'డ్యూన్', దారిస్ ఫలజ్

ఇక నిజ్వాలో ఉండి చదవవలసిన నవల ఒకటుంది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన 'డ్యూన్'. అర్రాకిస్ అనే గ్రహమంతా ఎడారి. అక్కడి ఫ్రెమెన్ జాతివాళ్ళు చెమటనీ, ఊపిరిలోని తేమనీ కూడా పట్టి మళ్ళీ తాగేనీరుగా మార్చే దుస్తులు వేసుకుంటారు. ఎదుటివాడి ముందు ఉమ్మేస్తే అక్కడ అవమానం కాదు, గౌరవం. ఒంట్లోని నీరు కానుకగా ఇచ్చినట్టు! చనిపోయినవాడి కోసం కన్నీరు కారిస్తే, చూసినవాళ్ళు విస్తుపోతారు. నీరు కరువైనచోట మర్యాదలూ, మతమూ, రాజకీయమూ అన్నీ నీటి చుట్టూనే అల్లుకుంటాయని ఆ నవల ఊహ.

హెర్బర్ట్‌కి ఈ ఆలోచన వచ్చింది అమెరికాలోని ఒరెగాన్ తీరంలో, ఇసుకమేటలు కదలకుండా గడ్డి నాటుతున్న పని చూసినప్పుడు. కానీ ఫ్రెమెన్ మాటల్లో చాలా అరబీ పదాలున్నాయి. 'మహదీ', 'ఉసూల్' వంటి మాటలు ఎదురైనప్పుడు, స్కూల్లో అరబీ నేర్చుకుంటున్న మన పిల్లలు అమెరికాలోని పిల్లలకన్నా ముందే పట్టేస్తారు!

మరి అర్రాకిస్ వాళ్ళ చిక్కుకి ఒమన్ వాళ్ళు ఏం చేశారు? మనం సాయంత్రాలు పిల్లల్ని తీసుకెళ్ళే దారిస్ ఫలజ్ దగ్గర నిలబడి చూడండి. కొండల పాదాల దగ్గర 'తల్లిబావి' తవ్వి, అక్కడినుంచి భూమిలోపల సన్నని వాలుతో సొరంగం చేసి, పంపూ మోటారూ లేకుండా నీటిని ఊరికి నడిపించారు. ఇలాంటివి ఒమన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 వాడుకలో ఉన్నాయని యునెస్కో లెక్క. 2006లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఐదింటిలో దారిస్ ఒకటి, మన పక్కనే బిర్కత్ అల్ మౌజ్‌లో ఉన్న ఖత్మీన్ ఇంకొకటి.

సొరంగం తవ్వడం కన్నా గొప్ప సంగతి పంపకం. ముందు తాగడానికి, తర్వాత మిగతా అవసరాలకి, చివరగా తోటలకి. తోటల వంతు కాలంతో కొలుస్తారు. దాదాపు అరగంటని ఒక 'అతర్' అంటారు. గడియారాలు రాకముందు పగలు కర్రనీడ చూసి, రాత్రి చుక్కలు చూసి ఆ వంతులు మార్చేవారు. ఫలజ్‌కి 'వకీల్' అనే పెద్ద ఉంటాడు. మన పల్లెల్లో చెరువు తూము తీసి పొలాలకి నీరు పంచే నీరటికాడు గుర్తొస్తున్నాడా? ఆయనకి పెద్దన్న అనుకోండి.

దారిస్ లాంటి సొరంగపు ఫలజ్‌లను 'దావూదీ' అంటారు. దావూద్ కొడుకు సులేమాన్ ప్రవక్త ఒమన్‌కి వచ్చినప్పుడు ఆయన ఆజ్ఞతో జిన్నులు పది రోజుల్లో పదివేల ఫలజ్‌లు తవ్వాయని ఇక్కడివాళ్ళ కథ. మయుడు మయసభ కట్టాడని మనం చెప్పుకున్నట్టే. పిల్లలూ, జానపద కథకీ సైన్స్ ఫిక్షన్‌కీ తేడా ఇక్కడే తెలుస్తుంది. "జిన్నులు తవ్వాయి" అంటే జానపదం. "వాలు ఎంత ఉండాలి, నీరు ఎవరికెంత, తగ్గిపోతే ఎవరు ఆగాలి?" అని అడిగితే సైన్స్ ఫిక్షన్.

ఆ చివరి ప్రశ్న ఊహ కాదు. భూగర్భజలం తగ్గిపోవడం ఈ ఫలజ్‌లకి ముప్పు అని యునెస్కో కూడా చెబుతోంది. మోటారుతో లోతుగా తోడేసే బావి ఒకడి తోటని ఈ ఏడు తడుపుతుంది, కానీ అందరి కాలువని మెల్లగా ఎండగడుతుంది. మన రాయలసీమలో, తెలంగాణలో బోర్లు వేసి వేసి ఎండిపోయిన చేలు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? 'డ్యూన్'లో ఫ్రెమెన్లు తమ జీవితకాలంలో చూడలేని పచ్చదనం కోసం తరతరాలుగా నీరు దాచిపెడతారు. రేపటివాళ్ళ కోసం నేడు దాహం ఓర్చుకోగలమా అని ఆ నవల అడుగుతుంది.

అన్నట్టు, గ్రహాంతర యాత్ర కూడా ఒమన్‌కి కొత్త కాదు! 2018 ఫిబ్రవరిలో ఆస్ట్రియన్ స్పేస్ ఫోరం వాళ్ళు దోఫార్ ఎడారిలో విడిది చేసి, అంతరిక్ష దుస్తులు తొడుక్కుని, అంగారకుడి మీద ఉన్నట్టే పనిచేసి ప్రయోగాలు జరిపారు. ఆండీ వియర్ 'ద మార్షియన్'లో ఒంటరిగా బంగాళాదుంపలు పండించుకునే వ్యోమగామి కథ చదివిన పిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

మన భాషలో?

తెలుగులో ఈ అర చిన్నదే, కానీ ఖాళీ కాదు. ప్రపంచానికి ముగింపు దగ్గరపడితే మనుషులు ఎలా మారతారో యండమూరి వీరేంద్రనాథ్ 'యుగాంతం'లో ఊహించారు. సూర్యుడికే ముప్పు వస్తే ఏమిటన్నది ఆయన 'చీకట్లో సూర్యుడు'. ఇక 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూడని పిల్లలు మన సంఘంలో తక్కువే. కేంబ్రిడ్జిలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ (1938-2025) తన సైన్స్ కథలను మాతృభాష మరాఠీలో రాశారు. పెద్ద ఊహలకి మన భాషలు సరిపోవన్న మాటకి అంతకన్నా జవాబేముంది?

మన పిల్లలు చదివేది ఎలాగూ ఇంగ్లీషులోనే. ఇంట్లో తెలుగు "అన్నం తిన్నావా, హోంవర్క్ అయిందా" దగ్గరే ఆగిపోతే, భాష వంటింటికే పరిమితమవుతుంది. నీమో తప్పు చేశాడా, రోబోకి బాధ ఉంటుందా అనే వాదన తెలుగులో జరిగినప్పుడే ఆ భాషలో ఆలోచించడం వాళ్ళకి అలవాటవుతుంది. మాటలు తడుముకున్నా ఫరవాలేదు, మధ్యలో ఇంగ్లీషు దొర్లినా ఫరవాలేదు. వాదన సాగనివ్వండి.

ఏ వయసుకి ఏది?

* 9-11 ఏళ్ళు: వెర్న్ నవలల పిల్లల సంక్షిప్త ప్రతులు. పక్కన కూర్చుని రేవతి కథ మీరు చెప్పండి.
* 12-14 ఏళ్ళు: 'ఐ, రోబో', 'ద టైమ్ మెషీన్'. చిన్నవి, తొందరగా పూర్తవుతాయి.
* 15 దాటినవాళ్ళు: 'ఫ్రాంకెన్‌స్టయిన్', 'డ్యూన్', 'ద మార్షియన్'. 'డ్యూన్'లో హింస ఉంది, 'మార్షియన్'లో మోటు మాటలున్నాయి. పెద్దలు ముందు చదివితే మంచిది.

ఈసారి దారిస్ దగ్గరికి వెళ్ళినప్పుడు పిల్లల్ని ఒక్కటి అడగండి: "ఈ కాలువలో నీరు సగమైపోతే, ముందు ఎవరి వంతు తగ్గించాలి? ఆ మాట వాళ్ళకి ఎవరు చెప్పాలి?" వాళ్ళు చెప్పే జవాబు నాలుగు పేజీలు రాయిస్తే, మన పత్రిక వచ్చే సంచికకి ఒక తెలుగు సైన్స్ ఫిక్షన్ కథ సిద్ధమైనట్టే!