రొమ్ము క్యాన్సర్ మందుకు ఎలుక ఇచ్చిన పట్టు

రొమ్ము క్యాన్సర్ చికిత్స తీరునే మార్చేసిన ట్రాస్టుజుమాబ్ మందుకు మూలం చిట్టెలుక ఒంట్లో తయారైన యాంటీబాడీ అని మీకు తెలుసా? హెర్సెప్టిన్ పేరుతో దానికి 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

మన కణాల పైపొర మీద హెర్2 అనే గ్రాహకం ఉంటుంది. ‘పెరుగు, విడిపో’ అన్న సంకేతాన్ని కణం లోపలికి చేరవేయడం దాని పని. మామూలు రొమ్ము కణం మీద ఇవి 20 వేల దాకా ఉంటాయి. హెర్2 జన్యువు నకళ్లు అదుపు తప్పి పెరిగిన క్యాన్సర్ కణం మీద 20 లక్షల దాకా చేరతాయి. అలాంటి కణితి ఉన్నవారిలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని 1987లో లాస్ ఏంజిలిస్ వైద్యుడు డెనిస్ స్లామన్, జెనెన్‌టెక్ శాస్త్రవేత్త ఆక్సెల్ ఉల్‌రిచ్ తదితరులు చూపించారు.

గ్రాహకం దొరికింది కదా, మందు వెంటనే వచ్చేస్తుందనుకుంటాం. ఎలుకల్లో పుట్టించిన యాంటీబాడీ హెర్2ను గట్టిగానే పట్టుకుంది. కానీ దాన్ని మనిషికి ఎక్కిస్తే మన రోగనిరోధక వ్యవస్థ పరాయిదని గుర్తుపట్టి తరిమేస్తుంది. జెనెన్‌టెక్‌లో పాల్ కార్టర్ బృందం గ్రాహకాన్ని పట్టుకునే కొసల్ని మాత్రం ఎలుకవి ఉంచి, మిగతాదంతా మానవ యాంటీబాడీతో కట్టింది. పట్టు సడలకుండా అక్కడక్కడా ఒక్కో అమైనో ఆమ్లాన్ని మార్చి చూసింది. అలా వచ్చిందే ట్రాస్టుజుమాబ్. 1992లో అచ్చయిన ఆ పని నాకెంతో అపురూపంగా అనిపిస్తుంది. వాళ్ల ఓపికంతా ఆ కొద్దిపాటి మార్పుల్లోనే ఉంది.

హెర్2 గుండె కండరానికీ అవసరమే. అందుకే ఈ మందు వాడేవారికి మధ్యమధ్య గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష చేయిస్తారు. దాన్ని వాయిదా వేయకూడదు.

తర్వాతి తరం మందు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఇదే యాంటీబాడీని బండిలా వాడుకుంటుంది. ఒక్కో యాంటీబాడీ మీద దాదాపు ఎనిమిది విషపు అణువులు ఎక్కిస్తారు. అవి గ్రాహకం ద్వారా కణంలోకి చేరి విడుదలవుతాయి. దాన్ని చంపాక పక్కనున్న కణాల్లోకీ పాకుతాయి. కాబట్టి కణితిలో కొన్ని కణాల మీద హెర్2 అంతగా లేకపోయినా దెబ్బ తగులుతుంది.

2022లో అమెరికా ఈ మందును హెర్2 తక్కువగా ఉన్న, ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కూ అనుమతించింది. బయాప్సీ రిపోర్టులో హెర్2 స్కోరు 1+ ఉన్నా, 2+ ఉండి ఫిష్ అనే జన్యు పరీక్షలో జన్యువు నకళ్లు పెరగలేదని తేలినా అలాంటివారిని అంతకుముందు ‘హెర్2 నెగెటివ్’ అని పక్కన పెట్టేవారు. జబ్బు పాకినవారు పాత రిపోర్టులో ‘నెగెటివ్’ అన్న మాట దగ్గర ఆగకుండా, స్కోరు సున్నానా, 1+ ఆ, 2+ ఆ అని డాక్టరును తప్పక అడగండి.