విరగని కత్తి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కత్తులు చేయు కమ్మరుల సంఘము ఒకటి కలదు. విలియమ్ మోరన్ అను ప్రసిద్ధుడైన కత్తుల పనివాడు దీనిని 1976లో స్థాపించెను. ఈ సంఘమున శిష్యదశను దాటగోరువాడు తాను స్వయముగా చేసిన కత్తితో ఒక పరీక్షకు నిలువవలెను. మొదట, పైనుండి వ్రేలాడుచున్న అంగుళము మందముగల త్రాటిని ఒక్క వ్రేటుతో తెగవేయవలెను. తరువాత ఇండ్ల కట్టడమునకు వాడు కొయ్యను రెండు మారులు రెండేసి తుండెములుగా నరుకవలెను. ఆ పిమ్మట అదే అంచుతో, మరల నూరకుండ, చేతిమీది వెండ్రుకలను గొరుగవలెను. చివరకు కత్తిని ఇనుప పట్టుకొయ్యలో బిగించి తొంబది డిగ్రీలు వంచవలెను. కత్తి విరిగి రెండైనచో అభ్యర్థి ఓడినట్లే.

నెగ్గిన కత్తి కూడ వంగి చెడిపోవును. ఎన్నో దినములు శ్రమించి చేసిన వస్తువును చెడగొట్టియే దాని మంచిని ఋజువు చేయవలెను. అయినను ఈ పరీక్షకు పూనుకొనువారికి కొదువ లేదు. వారిలో పలువురకు ఇది జీవనోపాధి కాదు. ఇతర వృత్తులు చేసికొనుచు, తీరిక వేళల ఇంటి వెనుక పాకలో చేయు వ్యాసంగము మాత్రమే.

ఈ వ్యాసంగమునకు ఆ దేశమున పేరు తెచ్చినవారిలో ఫ్లారిడా రాష్ట్రపు నారింజ తోటల యజమాని వాల్టర్ డోన్ రాండల్ ఒకడు. ఆయన మిషిగన్ రాష్ట్రములో ఒక సరస్సు తీరమునకు పోయినపుడు, ఒకడు పడవకున్న పాతరంగును వేటకత్తితో గీకివేయుచుండెను. అంత మోటుపని చేసినను కత్తి అంచు చెడలేదు. అది విలియమ్ స్కేగెల్ అను పనివాని చేతి కత్తి. రాండల్ దానిని కొని, 1937 నుండి తానును కత్తులు చేయసాగెను. ఆ అంచు ఏల చెడలేదు? ఈ ప్రశ్నకు సమాధానము కత్తి ఆకారములో లేదు. దాని ఉక్కులోని పరమాణువుల అమరికలో ఉన్నది.

వేటకత్తి మూడు నుండి ఐదు అంగుళముల పొడవుగల చిన్న పనిముట్టు. తోలు ఒలుచునపుడు దాని అంచు మొక్కపోరాదు. ఎముకకు తగిలినపుడు పెచ్చు లేవరాదు. మొదటి దానికి కాఠిన్యము కావలెను. రెండవ దానికి విరగక ఓర్చుకొను గుణము కావలెను. ఈ రెండును ఒకచోట ఇముడుట కష్టము. గాజు కఠినమైనది, కాని పెళుసు. సీసము విరగదు, కాని మెత్తన. కత్తి చేయువాని నేర్పంతయు ఈ రెండింటి నడుమ త్రోవ కనుగొనుటలోనే కలదు.

శుద్ధమైన ఇనుము కత్తికి పనికిరాదు, అది మెత్తనిది. దానిలో కొంచెము కర్బనము చేరిన ఉక్కు అగును. క్రొత్తగా ఈ పని నేర్చుకొనువారు తరచుగా వాడు 1084 అను ఉక్కులో నూటికి సుమారు 0.84 పాళ్ళు కర్బనముండును. ఇంత స్వల్పభాగము అంత మార్పును ఎట్లు కలిగించును?

చల్లని ఇనుములో పరమాణువులు ఘనముల వలె పేర్చబడియుండును: ఎనిమిది మూలలందు ఎనిమిది, నడుమ ఒకటి. ఈ అమరికలో కర్బనమునకు దాదాపు చోటే లేదు. నూటికి 0.02 పాళ్ళకు మించి అది ఇమడదు. ఉక్కును 727 డిగ్రీల సెంటిగ్రేడు దాటి కాచినపుడు అమరిక మారును. నడుమనున్న పరమాణువుకు మారుగా ఘనము యొక్క ఆరు ముఖముల మధ్య ఒక్కొక్కటి నిలుచును. ఇప్పుడు కర్బనము, నీటిలో ఉప్పు కరగినట్లు, ఆ ఘనపదార్థములోనే కరగిపోవును.

ఆ ఎర్రని ఉక్కును మెల్లగా చల్లారనిచ్చినచో కర్బనము మరల వెలికివచ్చి, ఇనుముతో కూడి పలుచని పొరలుగా ఏర్పడును, ఉక్కు మెత్తబడును. ఒక్కసారిగా చల్లార్చినచో కర్బనమునకు తప్పించుకొను వ్యవధి ఉండదు. అది పరమాణువుల నడుమ చిక్కుకొని, ఘనములను ఒకవైపునకు సాగదీయును. అట్లు బిగుసుకొన్న అమరికలో పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి సులభముగా జారజాలవు. అదియే కాఠిన్యము. ఈ అమరికకు ఆడాల్ఫ్ మార్టెన్స్ అను జర్మను శాస్త్రజ్ఞుని పేరిట మార్టెన్సైటు అని పేరు.

వేడిమి తగినంత వచ్చెనని తెలిసికొనుటకు ఒక అయస్కాంతము చాలును. ఇనుము 770 డిగ్రీల వద్ద అయస్కాంతమునకు అంటుకొను గుణమును కోల్పోవును. కొలిమిలోని కత్తి అంటుకొనుట మానిన పిదప ఇంకను కొంచెము, అనగా సుమారు 800 డిగ్రీలు దాటువరకు, కాచి వెంటనే గోరువెచ్చని నూనెలో ముంచుదురు. నీరు మరింత త్వరగా చల్లార్చును గాని, పలుచని అంచు ఆ తాకిడికి ఓర్వలేక పగులవచ్చును. ముంచినపుడు "టిక్కు" మని వినవచ్చు చిన్న చప్పుడు పనివానికి మిక్కిలి భయంకరమైనది. అది ఉక్కు చీలిన చప్పుడు. అంతవరకు పడిన శ్రమ ఆ క్షణముతో వ్యర్థము.

చీలకుండ బయటపడిన కత్తిపై ఆకురాయి రాచినను పట్టక జారిపోవును. రాక్‌వెల్ మాపకముపై దాని కాఠిన్యము 65 వరకు ఉండును. కాని ఆ స్థితిలో అది గాజు వంటిది. నేలమీద పడిన విరుగవచ్చును. కావున దానిని మరల సుమారు 200 డిగ్రీల వద్ద, రెండేసి గంటల చొప్పున రెండు మారులు కాచుదురు. చిక్కుకొన్న కర్బనములో కొంత సర్దుకొని బిగువు తగ్గును. కాఠిన్యము 58 లేక 60కి దిగును; విరగక ఓర్చు గుణము పెరుగును. ఇపుడు మెరుగుపెట్టిన ఉక్కుపై ఎండుగడ్డి రంగు కనిపించును. ఇంకను కాచిన ఊదా, ఆపై నీలము వచ్చును. ఇది రంగు పూత కాదు. ఉక్కుపై ఏర్పడిన పలుచని ఆక్సైడు పొర వలన, సబ్బుబుడగపై వలెనే, కాంతి తరంగములు ఒకదానితో నొకటి కలిసి కలిగించు వర్ణము.

వంచు పరీక్షకు ఇంకొక ఉపాయము కావలెను. అంచును నీటిలో ఉంచి, వీపును మాత్రము మంటతో నీలిరంగు వచ్చువరకు కాచుదురు. అంచు కఠినముగనే ఉండును. వీపు మెత్తబడి వంగనేర్చును. ఒకే ఉక్కుముక్కలో రెండు గుణములు అట్లు ఇమిడినవి.

కత్తి చేయువారందరును సమ్మెటతో సాగగొట్టరు. రాబర్ట్ లవ్‌లెస్ (1929–2010) ఉక్కుపలకను సానచక్రముపై రాచి ఆకారము తెచ్చు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. పద్ధతి ఏదైనను, కాచి చల్లార్చు ఘట్టము తప్పదు.

ఇది తెలుగువారికి క్రొత్త విద్య కాదు. లారీల పాత కమాను పట్టీలతో కొడవళ్ళు, కత్తులు చేయు కమ్మరి చదివినది లేకున్నను ఈ రంగులను ఎరుగును. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో కరగించిన ఉక్కుకు పేరుపడినది. దానిని కొనుటకు పారశీక దేశపు ఇస్ఫహాను నుండి వర్తకుడు వచ్చుచుండెనని హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రకటింపబడెను. ఇట్టి భారతీయ ఉక్కుతో చేసిన డమాస్కసు ఖడ్గములపై నీటి అలల వంటి రేఖలుండెడివి. ఆ విద్య తరువాత నశించెను. దాని మర్మమును వెదకినవారిలో ఫ్లారిడాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ పెండ్రే ఒకడు. ఆయన వృత్తి గుర్రములకు లాడములు కొట్టుట. లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్హోవెన్‌తో కలిసి పనిచేసి, ఉక్కులో పదివేలలో ఒక పాలు కూడ లేని వనేడియము వంటి మాలిన్యములే ఆ రేఖలకు కారణమని 1998లో ప్రకటించెను. చేతిపనియు శాస్త్రమును కలిసినచోట ఎట్టి ఫలము కలుగునో ఇందువలన తెలియును.

ఈ సూత్రమును తరగతిలో చూపుటకు కత్తి అక్కరలేదు. మూడు కుట్టుసూదులు చాలును. ఉపాధ్యాయుడు కండ్లద్దములు ధరించి, పట్టకారుతో ఒక్కొక్క సూదిని ఎర్రగ కాల్చవలెను. మొదటి దానిని మంటనుండి మెల్లగా పైకి తీసి చల్లార్చినచో అది తీగవలె వంగును. రెండవ దానిని నీటిలో ముంచినచో వంచగానే పుటుక్కున విరుగును. మూడవ దానిని ముంచి, గరుకు కాగితముతో రుద్ది, మంటకు దూరముగా నీలిరంగు వచ్చువరకు మరల కాచినచో వంగి తిరిగి నిటారుగ నిలుచును. మూడు సూదులును ఒకే ఉక్కు. వాని బరువు మారలేదు, ఆకారము మారలేదు. మారినది పరమాణువుల అమరిక మాత్రమే.