పాలను పెరుగుగా మార్చు సూక్ష్మజీవులు



పాడి యున్న ప్రతి యింటను రాత్రివేళ పాలలో తోడు వేయుట నిత్యకృత్యము. తెల్లవారునప్పటికి గడ్డపెరుగు సిద్ధమగును. ఒక్కొక్క దినమున మాత్రము పాలు తోడుకొనక, నీళ్లు విడిచి, తీగలు సాగుచు, దుర్గంధముతో నుండును. అట్టి దినమున కొందఱు దిష్టి తగిలినదందురు. కొందఱు పొరుగువారిచ్చిన తోడు మంచిది కాదందురు. మఱికొందఱు గేదె తిన్న మేతను నిందింతురు. చిలుకుటకు పెరుగు లేక, ఆ దినపు వెన్న పోగొట్టుకొని, పాలు పాఱబోసి యూరకుందురు. తోడుకొనుట యెట్లు జరుగుచున్నదో యెఱిగినవారికి ఇట్టి నష్టమునకు కారణము కనిపెట్టుట కష్టము కాదు. అట్లు కనిపెట్టుట యొకానొకప్పుడు పెరుగుకంటె నెక్కువైనదానిని కాపాడును. ఆ సంగతి ముందు వచ్చును.

పాలను తోడుపెట్టునవి కంటికి గనబడని ప్రాణులు. వీనిలో కొన్ని పూసలవలె గుండ్రముగా నుండి గొలుసుకట్టుగా పెరుగును. కొన్ని సన్నని పుల్లలవలె నుండును. గుండ్రనివానిని ప్రక్కప్రక్కగా నుంచినచో ఒక మిల్లిమీటరు పొడవున ఇంచుమించు 1000 పట్టును. పాలయందు సహజముగా నుండు చక్కెర వీని యాహారము. ఆవుపాలలో నూటికి 4½ మొదలు 5 పాళ్లవఱకు ఈ చక్కెర గలదు. దీనిని తిని యీ ప్రాణులు లాక్టికామ్లమను పులుపును విడుచును. కావుననే వీనికి లాక్టికామ్ల బాక్టీరియాలని పేరు కలిగినది. పులుపు తగినంత యైనప్పుడు పాలలోని కేసీనను మాంసకృత్తు వలవలె నల్లుకొనును. ఆ వలయందు నీరును వెన్నయు చిక్కుకొని నిలుచును. అదియే పెరుగుగడ్డ. నిమ్మరసము పిండినను పాలు విఱుగును గాని, పులుపు ఒక్కమాటుగా పైబడుటచే వల చక్కగా అల్లుకొనజాలక ముక్కలై విడిపోవును. పెరుగునందు పులుపు మెల్లమెల్లగా పుట్టును. గడ్డ నిలుచుటకు ఆ మెల్లదనమే కారణము.

ఈ రహస్యము లోకమునకు తెలియుట యిటీవలి మాట. 1780లో స్వీడను దేశమున షీలే యనునతడు పులిసిన పాలనుండి యీ యామ్లమును వేఱుచేసెను. 1857లో ఫ్రాన్సునందలి లీలు పట్టణములో పాస్టరు పండితుడు పాలు పులియుట ప్రాణుల పనియని చూపెను. 1878లో లిస్టరను ఆంగ్లేయ శస్త్రవైద్యుడు పాలను పులియబెట్టు నొక జాతిని తక్కినవానినుండి విడదీసి, దాని నొక్కదానినే పెంచగలిగెను. మన గృహిణులు ఆ ప్రాణులను చూడకయే, తరతరములుగా, ఒక కుండనుండి మఱియొక కుండకు వానిని మార్చుచు కాపాడుచు వచ్చిరి. ఈ నేర్పు చిన్నది కాదు.

పెరుగు రుచికై మాత్రమే యనుకొనువారు దాని ముఖ్యోపకారమును విడిచిపెట్టినవారగుదురు. పిదికిన పాలలోనికి పొదుగునుండియు, చేతినుండియు, పేడ దుమ్మునుండియు, పాత్రనుండియు నానావిధములైన సూక్ష్మజీవులు వచ్చి చేరును. అన్నిటికిని పాలే యాహారము. ఏ జాతి ముందుగా విస్తరించునో పాలు దాని వశమగును. కుళ్లబెట్టు జాతులు విస్తరించినచో పాలు కంపుకొట్టును. లాక్టికామ్ల జాతులు విస్తరించినచో పుట్టిన పులుపు తక్కినవానిలో బహుభాగమును పెరుగనీయదు. మంచి పెరుగునందు నూటికి ఇంచుమించు ముప్పాతిక పాలు మొదలు ఒక పాలువఱకు ఈ యామ్లముండును. వేసవియందు పాలు ఒక పూటయైన నిలువవు. పెరుగు మఱునాటికిని తినదగియుండుట యిందుచేతనే.

కాబట్టి తోడనగా విత్తనమే. మంచి పెరుగు ఒక గ్రాములో ఒక కోటి మొదలు నూఱు కోట్లవఱకు సజీవములైన లాక్టికామ్ల బాక్టీరియాలుండును. పాలు కాచుట చేనిలోని కలుపు తీయుటవంటిది. తోడు వేయుట ఒత్తుగా విత్తుటవంటిది. మన యూళ్లలో దాలిగుంటయందు పిడకల సెగను పాలు గంటలకొలది కాగుచుండును. ఆ కాగుటవలన రోగబీజములు చాలవఱకు నశించుటయే కాక, పాలలోని నీరు కొంత యిగిరిపోవును. మఱియు, పలుచని తేటయందుండు మాంసకృత్తులు కేసీనునకు అంటుకొని గడ్డను బిగువుచేయును. దాలిపాల పెరుగు గట్టిగా నుండుటకు ఇదియే హేతువు. ఈ పాత పద్ధతిని మోటదని విడిచిపెట్టవలసిన పనిలేదు.

కాగిన పాలు వ్రేలికి సుఖమైన వేడికి వచ్చినపిమ్మట తోడు వేయవలెను. మిక్కిలి వేడిపాలలో వేసినచో విత్తనము చచ్చును; చల్లారిపోయినపిమ్మట వేసినచో మొలక యాలస్యమై, కలుపునకు అవకాశము కలుగును. కొన్ని జాతులు 30 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గఱను, కొన్ని 40 డిగ్రీలకు పైగాను చుఱుకుగా పనిచేయును. మన యింటి తోడునందు సాధారణముగా రెండు తెగలును కలసియుండును. చలికాలమున కుండను గోనెతో చుట్టి గడ్డిలో నుంచుటయు, తోడు కొంచెము హెచ్చుగా వేయుటయు మంచిది. వేసవిలో లీటరు పాలకు ఒక చిన్న చెంచాడు చాలును. తోడు నిన్నటి పెరుగు గడ్డనుండి తీయవలెను. నాలుగు దినములు నిలువయుండి మిక్కిలి పులిసినదానియందు ఆ పులుపుచేతనే విత్తనము బలహీనమైయుండును. తోడు దొరకనప్పుడు మిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టు వాడుక కొన్నిచోట్ల గలదు. ఇది వట్టి మాట కాదు. మొక్కలపైనను ఈ జాతులు కాపురముండును. అయితే తొడిమలమీద కలుపును ఉండును గనుక, మొదటి పెరుగును నమ్మక, రెండు మూడు మార్లు మార్చినపిమ్మట వాడుకొనవలెను.

ఇక తోడుకొనని పాలనుగూర్చి. పాత్రయు, వేడియు, తోడును సరిగా నుండియు పాలు తోడుకొననిచో, మొదట విచారింపవలసినది పశువునకు మందు వేయించితిరా యని. పొదుగువాపు రోగమునకు పశువైద్యులు పెనిసిలిన్ మొదలగు మందులను చన్నులోనికి ఎక్కింతురు, లేక సూదిచే వేయుదురు. ఈ మందు కొన్ని దినములవఱకు పాలలో దిగుచుండును. రోగబీజములను చంపు మందునకు పెరుగు సూక్ష్మజీవులమీద దయ యుండదు. వీనిలోని కొన్ని జాతులు పెనిసిలిన్‌ను అత్యల్పముగా నున్నను ఓర్వలేవు. తోడుకొనని కుండ, ఈ పాలు త్రాగవలదని మనకు చెప్పుచున్నదన్నమాట. కాచినంతమాత్రమున ఈ మందు పోవునని నమ్మరాదు. పెనిసిలిన్ పడనివారికి అట్టి పాలవలన ప్రమాదము కలుగవచ్చును. పదేపదే కొద్దికొద్దిగా మందు తగులుటచే రోగబీజములు ఆ మందునకు లొంగకుండునట్టివిగా మాఱుటయు గలదు. అప్పుడు బిడ్డకు జబ్బుచేసి మందిచ్చినను పనిచేయకపోవచ్చును.

మందు వేసినపిమ్మట పాలు ఎన్ని దినములు విడువవలెనో పశువైద్యుని తప్పక అడుగవలెను. ఒక్క చన్నునకే మందెక్కించినను నాలుగు చన్నుల పాలును విడువవలెను. ఈ దినములలో పాలు పాఱబోయుట యే రైతునకును సులభము కాదు; నష్టము కంటికి గనబడుచుండును. అయినను వానిని పాల సంఘపు డబ్బాలో కలుపుట తగదు. ఒక యింటి పాలు వందమంది పాలతో కలసి, ఆ మొత్తమును తోడునకు పనికిరాకుండ చేయవచ్చును. మఱియు, మందు పాలు పెరుగైనంతమాత్రమున మంచివగునని తలంపరాదు. మందు తక్కువగా నున్నప్పుడు పాలు ఆలస్యముగనైనను తోడుకొనును. దినముల లెక్కయే ప్రమాణము.

మందు వేయనిచో ఇతర కారణములు వెదకవలెను. పొదుగువాపు గల పశువు పాలు మందు లేకయే సరిగా తోడుకొనకపోవచ్చును. కొన్న పాలైనచో, పులుపు తెలియకుండుటకై అమ్మకందార్లు సోడా కలిపియుండవచ్చును. ఇవేవియు కానప్పుడు తోడునకే జబ్బు చేసియుండును. ఇది హాస్యము కాదు. ఈ బాక్టీరియాలను చంపు అంతకంటె చిన్న రోగబీజములు గలవు. అప్పుడు కుండను వేడినీట కడిగి యెండబెట్టి, వేఱొక యింటనుండి తోడు తెచ్చుకొనవలెను. దీపము పెట్టినపిమ్మట పెరుగు ఇతరులకు ఇవ్వరాదను ఆచారముగలవారు పగటిపూటనైనను ఇచ్చి పొరుగువారికి సాయపడుదురుగాక.

పులుపు అన్ని రోగబీజములను చంపదు. క్షయగల పశువు పాలును, నెలలు నిండకమునుపే చూలు పోగొట్టుకొను పశువు పాలును పచ్చివిగా తోడుపెట్టి తినుట అపాయకరము, కాచియే తోడుపెట్టవలెను. కళాయి లేని యిత్తడి పాత్రలో పెరుగుగాని చల్లగాని నిలువయుంచరాదు. పులుపునకు లోహము కరగి పెరుగులో దిగును, వాంతులగును.

ధాన్యమును పులియబెట్టుటయందును ఇవే తెగలు పనిచేయును. తైదపిండిని నీట కలిపి రాత్రి యుంచి, ఉదయమున కాచు అంబలికి వేఱుగా తోడు అక్కఱలేదు. గింజ పొట్టుమీదను కుండయందును నుండునవే చాలును. ఇడ్లీపిండియందు లాక్టికామ్లముతోపాటు బొగ్గుపులుసు గాలిని విడుచు జాతి యొకటి పెరుగును. ఆ గాలి మినుముల జిగటలో చిక్కుకొనుటచే పిండి పొంగును. పులియుటవలన, గింజలో ఇనుము మొదలగు ధాతువులను పట్టుకొనియుండు పదార్థము కొంత విఱుగును. ఆ ధాతువులు దేహమునకు ఎక్కువగా పట్టును. అయితే బూజుపట్టిన గింజల విషము పులియబెట్టుటచే పోవునని నమ్మి వానిని వాడరాదు.

పశువుల మేతను నిలువచేయు పాతరయందు కూడ ఈ సూక్ష్మజీవులనే పనికి పెట్టవచ్చును. ఫిన్లండు దేశీయుడగు విర్టానెను, పచ్చిమేతకు ఆమ్లము చేర్చి చెడకుండ కాపాడు విధానము కనిపెట్టినందుకు 1945లో నోబెలు బహుమానము పొందెను. మనకు పైనుండి ఆమ్లము పోయవలసిన పనిలేదు. పాలుపట్టిన జొన్ననుగాని మొక్కజొన్ననుగాని కోసి, అంగుళపు ముక్కలుగా నఱికి, పాతరలో నింపుచు గాలి చొఱకుండ గట్టిగా త్రొక్కి, పైన కప్పి, వాననీరు దిగకుండ మన్ను మెత్తవలెను. గాలి లేనిచోట లాక్టికామ్ల జాతులు మొక్కలోని చక్కెరను తిని పులుపు పుట్టించును. గాలి యున్నచో బూజు లేచును. ఇంచుమించు 45 దినములకు పాతర తెఱవవచ్చును. మంచి మేత పసుపు కలిసిన ఆకుపచ్చగా, పండ్ల పులుపు వాసనతో నుండును. నల్లబడినదియు, బూజుపట్టినదియు, చెడిన వెన్న వాసన గలదియు తీసి దూరముగా పాఱవేయవలెను. తెఱచినపిమ్మట ప్రతిదినము ఒక ప్రక్కనుండి సమముగా తీసి, తిరిగి మూయవలెను. పశువునకు మొదట కొద్దిగా అలవాటుచేసి, పాలు పిదికినపిమ్మటనే పెట్టవలెను. ముందు పెట్టినచో ఆ వాసన పాలకు పట్టును.