ఓవెన్ లేకపోయినా ఇంట్లోనే కుకీస్.. సజ్జలు, నువ్వులతో పండక్కి కొత్త రుచులు.. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు!

డిసెంబర్ చివరి వారం నుంచి జనవరి మధ్య వరకు మన ఇళ్లలో పొయ్యి మీద మూకుడు దిగదు. క్రిస్మస్, న్యూ ఇయర్, ఆ వెంటనే భోగి, సంక్రాంతి, కనుమ. పశ్చిమ ప్రకాశంలో ఈ సందడి ఇంకాస్త ఎక్కువే. ఒంగోలు కేంద్రంగా 19వ శతాబ్దంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ కాలం నుంచీ ఈ ప్రాంతంలో క్రిస్మస్ పెద్ద పండుగ. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్లలో క్రిస్మస్‌కి పక్కింటికి పంపే ప్లేటు, సంక్రాంతికి తిరిగొచ్చే అరిసెల ప్లేటు ఎప్పుడూ ఉండేవే.

ఇప్పుడు ఆ ప్లేట్లోకి కుకీస్ కూడా వచ్చి చేరుతున్నాయి. ఫోన్‌లో వీడియో చూడటం, అందులో చెప్పినవన్నీ తెచ్చి చేయడం.. తీరా చూస్తే బిస్కెట్లు పరుచుకుపోయి ఒకే అట్టులా అయిపోవడం! లేదంటే రాయిలా గట్టిపడటం. అరకిలో నెయ్యి, కిలో పిండి వృథా అయితే మామూలు ఇంట్లో అది చిన్న నష్టం కాదు. అసలు ఇలా ఎందుకవుతుంది? ఓవెన్ లేనివాళ్లు ఏం చేయాలి? మన సజ్జలు, నువ్వులు, వేరుశనగలతో కుకీస్ కుదురుతాయా? చూద్దాం.

కుకీ మనకు కొత్తేం కాదు

కుకీ అనే మాట డచ్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 'చిన్న కేకు' అని అర్థం. మన దేశంలో దానికి దగ్గరి చుట్టం నానఖటాయి. సూరత్‌లో డచ్ వ్యాపారుల కాలంలో నడిచిన బేకరీలోనే ఇది పుట్టిందని చెబుతారు. హైదరాబాద్ ఉస్మానియా బిస్కెట్ కూడా అదే కుటుంబం. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదే దానికి ఆ పేరొచ్చింది.

మన టౌన్లలో చాలాచోట్ల ఇంకో పద్ధతి కూడా ఉంది. పిండి, చక్కెర, డాల్డా మనమే బేకరీకి పట్టుకెళ్తే, వాళ్లు బిస్కెట్లు ఒత్తి, కాల్చి డబ్బాలో పోసిస్తారు. అంటే ఇంటి బిస్కెట్ మనకు అలవాటే. కాల్చే పని మాత్రం బయట జరిగేది. ఇప్పుడు ఆ పని కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు.

3 : 2 : 1.. ఇదే అసలు లెక్క

సాదా కుకీకి ఒక పాత కొలత ఉంది. తూకంలో పిండి 3 వంతులు, బటర్ 2 వంతులు, చక్కెర 1 వంతు. అంటే 150 గ్రాముల పిండికి 100 గ్రాముల బటర్, 50 గ్రాముల చక్కెర పొడి.

బటర్ బదులు నెయ్యి వాడితే మాత్రం ఈ లెక్క కాస్త మారుతుంది. బటర్‌లో కొవ్వు సుమారు 80 శాతమే, మిగతా దాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. కాబట్టి 100 గ్రాముల బటర్ ఉన్నచోట 80 గ్రాముల నెయ్యి చాలు. వీడియోలో బటర్ అని చెబితే అంతే నెయ్యి వేసేవాళ్ల బిస్కెట్లు పరుచుకుపోయేది ఇందుకే.

ఇంట్లో తూకం లేదా? ఏం పర్లేదు. ఒకే గ్లాసుతో కొలవండి. 3 గ్లాసుల పిండి, 1 గ్లాసు గడ్డ నెయ్యి, 1 గ్లాసు చక్కెర పొడి. దాదాపు అదే లెక్కకి వస్తుంది.

ఏది ఏం పని చేస్తుంది?

* నెయ్యి, బటర్: బిస్కెట్ నోట్లో గుల్లగా విరిగేది దీనివల్లే. పేరుకున్న నెయ్యే వాడాలి. చలికాలంలో నెయ్యి ఎలాగూ పేరుకునే ఉంటుంది, దాన్ని కరిగించొద్దు. చక్కెర పొడితో కలిపి తెల్లగా, నురగలా అయ్యేదాకా గిలక్కొట్టాలి. అప్పుడు లోపల చేరే గాలే బిస్కెట్‌ని తేలిక చేస్తుంది.
* చక్కెర: తీపితో పాటు రంగు, కరకర ఇస్తుంది. ఎక్కువైతే పరుచుకుంటుంది, తొందరగా మాడుతుంది.
* పిండి: నెయ్యిలో పిండి వేశాక చపాతీ పిండిలా పిసక్కూడదు. పిసికేకొద్దీ గోధుమపిండిలో జిగురు పెరిగి బిస్కెట్ గట్టిపడుతుంది. ముద్ద కుదిరితే అంతే, ఆపేయాలి.
* వంట సోడా, బేకింగ్ పౌడర్: రెండూ ఒకటి కాదు. సోడా పనిచేయాలంటే పెరుగు లాంటి పులుపు ఏదైనా ఉండాలి. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిసి ఉంటుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. చిటికెడు చాలు.

సజ్జలతో ఎందుకు బాగా కుదురుతాయి?

సజ్జ, కొర్ర, రాగి.. వీటిలో గ్లూటెన్ ఉండదు. అందుకే వీటితో బ్రెడ్ చేయాలంటే కష్టం. కానీ కుకీకి ఆ జిగురు పెద్దగా అక్కర్లేదు. ఉంటేనే ఇబ్బంది! మెట్ట నేలల్లో పండే మన సజ్జలు కుకీకి ఇట్టే సరిపోతాయి. మరీ పొడిపొడిగా రాలిపోకుండా సగం గోధుమపిండి కలిపితే సరి.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. సజ్జపిండి నిల్వ ఉండదు. దాంట్లోని నూనె వల్ల కొద్దిరోజులకే చేదెక్కుతుంది. చేసే రోజో, ముందు రోజో పిండి పట్టించుకోవాలి. వాడే ముందు సన్నసెగ మీద రెండు నిమిషాలు వేయిస్తే పచ్చివాసన పోతుంది.

మూడు రకాలు.. ట్రై చేయండి

1. నెయ్యి నానఖటాయి: మైదా 120 గ్రాములు, శనగపిండి 30 గ్రాములు, పేరుకున్న నెయ్యి 80 గ్రాములు, చక్కెర పొడి 50 నుంచి 70 గ్రాములు, యాలకుల పొడి, చిటికెడు సోడా, ఒక చెంచా పెరుగు. ఉండలు చేసి కొద్దిగా నొక్కి, పైన జీడిపప్పు పలుకు అద్దాలి. కాలాక పైన సన్నగా పగుళ్లు వస్తే బాగా కుదిరినట్టే.

2. సజ్జ-నువ్వుల కుకీ: సజ్జపిండి 75 గ్రాములు, గోధుమపిండి 75 గ్రాములు, మెత్తటి బెల్లం పొడి 60 గ్రాములు, నెయ్యి 80 గ్రాములు, వేయించిన నువ్వులు రెండు చెంచాలు, పావు చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. ముద్ద కుదరకపోతే ఒక చెంచా పాలు చల్లాలి. బెల్లాన్ని అరిసెలకు పట్టినట్టు పాకం పట్టొద్దు. పాకం పడితే బిస్కెట్ రాయి అవుతుంది.

3. వేరుశనగ కుకీ: వేయించి, పొట్టు తీసి, పొడి చేసిన వేరుశనగ గుళ్లు 75 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, చక్కెర పొడి 60 గ్రాములు, నెయ్యి 50 గ్రాములు, చిటికెడు ఉప్పు. వేరుశనగలో సగం దాకా నూనే కాబట్టి ఇక్కడ నెయ్యి తగ్గించాం. పొడి చేసేటప్పుడు మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

ఓవెన్ లేకపోతే ఎలా?

చాలా వీడియోల్లో ప్రెషర్ కుక్కర్‌లో చేస్తారు. అలా చేసేటప్పుడు గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. ఇది చాలామంది మర్చిపోయే విషయం. నీళ్లు లేకుండా అంతసేపు వేడి చేస్తే రోజూ అన్నం వండే కుక్కర్ పాడవుతుంది కూడా. దాని బదులు మందపాటి పాత అల్యూమినియం గిన్నె వాడటం మంచిది. నాన్‌స్టిక్ అస్సలు వద్దు. ఖాళీగా వేడెక్కితే దాని పూత నుంచి హానికరమైన పొగలు వస్తాయి.

గిన్నెలో అంగుళం మందాన ఉప్పు లేదా శుభ్రమైన ఇసుక పోసి, పైన స్టాండ్ పెట్టి, మూత వేసి మధ్యస్థంగా మంట పెట్టి 10 నిమిషాలు వేడెక్కనివ్వాలి. నెయ్యి రాసిన ప్లేట్లో బిస్కెట్లు రెండు వేళ్ల ఎడంగా పేర్చి లోపల పెట్టాలి. మంట సిమ్‌లోకి తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. 18 నిమిషాల తర్వాత ఒకసారి చూడండి, మాటిమాటికీ మూత తీయొద్దు. వంటగది కిటికీ తెరిచి ఉంచండి.

ఓవెన్ ఉన్నవాళ్లు ముందే వేడి చేసుకుని, 160 నుంచి 170 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. మైక్రోవేవ్‌లో అయితే కన్వెక్షన్ మోడ్ ఉండాల్సిందే. మామూలు మోడ్‌లో బిస్కెట్ కాలదు.

ఎక్కువమంది తప్పు చేసేది చివర్లోనే. బయటికి తీసినప్పుడు కుకీ మెత్తగానే ఉంటుంది. ఇంకా కాలలేదనుకుని మళ్లీ లోపల పెడతారు. అంతే, మాడిపోతుంది! అడుగు లేత గోధుమ రంగులోకి వస్తే తీసేయాలి. చల్లారేకొద్దీ అదే గట్టిపడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి.

ఇంట్లో చేసిందైతే ఆరోగ్యమేనా?

ఇక్కడ నిజం మాట్లాడుకోవాలి. సజ్జలు వేసినా, బెల్లం వేసినా అది కుకీనే. పై లెక్క ప్రకారం ముద్దలో పావు వంతుకు పైగా నెయ్యే ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం కూడా చక్కెర లాంటిదే. 'మిల్లెట్ కుకీ కదా, ఎన్నైనా తినొచ్చు' అనుకుంటే పొరపాటు.

మరి ఇంట్లో చేయడం వల్ల లాభమేంటి? ఏం వేశామో మనకు తెలుస్తుంది. ముఖ్యంగా కొవ్వు విషయంలో. వనస్పతి లాంటి వాటిలో ఉండే ట్రాన్స్‌ఫ్యాట్ గుండెకు చేటు. అందుకే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 జనవరి 1 నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించకూడదని నిబంధన పెట్టింది. ఇంట్లో అయితే వనస్పతి జోలికే వెళ్లక్కర్లేదు. చక్కెర ఎంత వేయాలో కూడా మన చేతిలోనే ఉంటుంది.

పిల్లలు పక్కనే కూర్చుని పచ్చి ముద్ద తినేస్తుంటారు, అది ఆపండి. గుడ్డు వేయకపోయినా పచ్చి పిండిలోనే హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇంకో మాట. ప్లేటు పక్కింటికి పంపేటప్పుడు వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు వేశామని చెప్పి పంపండి. కొందరికి అవి పడవు.

ఆర్డర్లు తీసుకోవాలనుకుంటే..

బాగా కుదిరాక 'మాకూ కిలో చేసిపెట్టవా అక్కా' అని అడిగేవాళ్లు ఉంటారు. డబ్బు తీసుకుని అమ్మితే అది ఆహార వ్యాపారమే, ఇంటి వంటగది అయినా సరే. ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫాస్కాస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. చిన్న వ్యాపారులకు బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. ప్యాకెట్ మీద ఏమేం వేశారో, ఎప్పుడు చేశారో రాసి ఉండాలి.

చివరిగా ఒక టిప్. ముద్ద మొత్తం ఒకేసారి కాల్చేయొద్దు. ముందు రెండు బిస్కెట్లు మాత్రమే పెట్టి చూడండి. పరుచుకుంటే మిగతా ముద్దలో రెండు చెంచాల పిండి కలపండి. విరిగిపోతుంటే చెంచా పాలు చల్లండి. రెండు బిస్కెట్లతో పోయేదానికి ట్రే మొత్తం పారేయడం ఎందుకు?

(గమనిక: షుగర్, గుండె జబ్బులు, ఫుడ్ అలెర్జీ ఉన్నవారు తమ డాక్టర్ సలహా తీసుకున్నాకే తినాలి.)